దేగ్ మూత మీద చెయ్యి

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పుకోనివ్వండి. పెన్నకు ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ, పులివెందుల అజ్మత్ బీ వండిన దేగ్, అదే ఆ పెద్ద బిర్యానీ గుండిగ, అడుగు మాడిన దాఖలా లేదు. మాడిందని ఎవరైనా అంటే ఆ మనిషి బిర్యానీ ఎన్నడూ తిననివాడైనా అయ్యుండాలి, అజ్మత్ బీ అంటే గిట్టనివాడైనా అయ్యుండాలి. ఆమె దమ్ పెట్టిన రోజు జమ్మలమడుగు బస్సు డ్రైవరు కాలు తీయకుండానే బస్సు దానంతటదే నెమ్మదిస్తుందనీ, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తూకం చూసేవాళ్ల చూపు కాసేపు త్రాసు మీద నిలవదనీ వారం వారం రాస్తూనే ఉన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇక ముందూ ఉండదు. మీసం మీద ఒట్టు.

పోయిన వారం అజ్మత్ బీని ప్రొద్దుటూరు కల్యాణ మండపం పెరట్లో, రెండు దేగ్‌ల మధ్య, చేతులకు పిండితో వదిలిపెట్టాం. పాపం, అలాగే నిలబడి ఉంది. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం జరిగింది చెప్పేస్తాను. ఆమె కొడుకు ఇమ్రాన్ కువైట్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా వెళ్లాడు. గడువు తీరినా ఆ ఇంటాయన పాస్‌పోర్టు ఇవ్వలేదు, పంపలేదు. ఇమ్రాన్ కట్టుబట్టలతో బయటపడి మన ఎంబసీలో తలదాచుకున్నాడు. ఆ ఇంటివాళ్లను ఎంబసీవాళ్లు పిలిపించింది ఈ రోజే. మధ్యాహ్నం అక్కణ్ణుంచి ఫోన్ వస్తుంది. ఇక్కణ్ణుంచి మాట్లాడి ఒప్పించవలసినవాడు నాగమునిరెడ్డి. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల కోసం వేదిక పెట్టిన పెద్దమనిషి ఆయనే, ఈ మండపంలో సభ పెట్టిందీ ఆయనే. జమ్మలమడుగు దగ్గర సోలార్ ప్లాంటు కాంట్రాక్టూ ఆయనదే. ఆ ప్లాంటులో వంటకు వెళ్లినప్పుడే అజ్మత్ బీకి రామోన్ అనే ఫిలిప్పీన్స్ వెల్డరు కనిపించాడు. అతని పాస్‌పోర్టు నాగమునిరెడ్డి బీరువాలో ఉందని అప్పుడే తెలిసింది.

ఇక పెరట్లోకి రండి.

మండపం లోపల మైకు గరగరలాడింది. నాగమునిరెడ్డి గొంతు గోడ దాటి వంట దగ్గరికి వచ్చింది. అజ్మత్ బీ మూత చుట్టూ పిండిని తాడులా అతికిస్తూ చెవి అటు పెట్టింది.

“పాస్‌పోర్టు అంటే ఏంది?” అని అడిగాడాయన జనాన్ని. “కాగితమా? కాదప్పా. అది మనిషి. మనిషిని బీరువాలో పెట్టి తాళం వేసే హక్కు ఈ భూమ్మీద ఎవనికీ లేదు. పనోని పాస్‌పోర్టు పనోని చేతిలోనే ఉండాలని లోకం కూచోని ఒప్పుకున్న మాట ఇది. ఈ రూలు రాసినోడు మన ఊరోడు గాదు. మన భాష మాట్లాడేటోడు గాదు. మన పిల్లోని పేరు గుడక వానికి తెలీదు. అయినా మన పిల్లోని కోసరమే రాసినాడు!”

చప్పట్లు మోగాయి. అజ్మత్ బీ కూడా పిండి చేతులతోనే కొట్టింది. పిండి ముద్ద ఎగిరి పక్కనున్న కోడలు, ఇమ్రాన్ పెండ్లాం జువేరియా ముక్కు మీద పడింది.

“అమ్మీ! చూసుకోని కొట్టు.”

“బాగా చెప్తాండాడే. ఎంత బాగా చెప్తాండాడో చూడు.”

నిజంగానే బాగా చెప్పాడు. నాగమునిరెడ్డిని తక్కువ చేసి మాట్లాడకూడదు. ఆయన తిరుగుడు వల్ల, ఆయన నోటి బలం వల్ల చెన్నూరు నుంచి సింహాద్రిపురం దాకా ఎందరో మనవాళ్లు నిజంగానే ఇళ్లకు చేరారు. దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో పెట్టుకున్న ఇళ్లున్నాయి. ఆ రూలును ఆయన తెలుసుకున్నట్టు, జనానికి అర్థమయ్యేటట్టు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు. “పెద్ద పెద్ద దేశాలకు సిగ్గుండాల! పక్కోడు తప్పితే రూలు అంటారు. తాము తప్పితే అవసరం అంటారు!” అని ఆయన బల్ల గుద్దినప్పుడు మండపం పైకప్పు రేకులు కూడా అవునన్నాయి.

అజ్మత్ బీకి కళ్లు చెమర్చాయి. ఆమె కూడా ఒకప్పుడు కువైట్‌లో వంట చేసింది. ఆమె పాస్‌పోర్టు ఆ ఇంటి యజమానురాలు ఉమ్ ఖాలిద్ అత్తరు పెట్టెలో ఉండేది. పండగ రోజున ఉమ్ ఖాలిద్ అత్తరు పూసుకోవడానికి పెట్టె తెరిచినప్పుడు, టీ పట్టుకుని నిలబడిన అజ్మత్ బీకి సీసాల మధ్య తన ఫొటో కనిపించీ కనిపించకుండా ఉండేది. చివరికి దాన్ని ఇచ్చి పంపినప్పుడు విమానాశ్రయంలో ముద్ర వేసే ఆఫీసరు పాస్‌పోర్టు తెరిచి, ముద్ర మరిచి, కళ్లు మూసుకుని వాసన చూస్తూ ఉండిపోయాడట. వెనక వరస మొత్తం ఆగిపోయిందట. ఆ ఉమ్ ఖాలిద్ రెండో కొడుకు ఇంట్లోనే ఇమ్రాన్‌కు వీసా దొరికింది. అడిగి ఇప్పించింది అజ్మత్ బీనే. ఆ ముల్లు ఆమెకు అన్నం తింటున్నప్పుడు కూడా గుచ్చుకుంటూనే ఉంటుంది.

“అమ్మీ, ఇట్ల రా,” అంది జువేరియా తలుపు సందులోంచి చూస్తూ. “మన రామోన్ స్టేజి మీదుండాడు.”

అజ్మత్ బీ వచ్చి చూసింది. రామోన్ ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. మీద జరీ శాలువా, మెడలో బంతిపూల దండ. తల వెనక గోడ మీద పెద్ద ఫ్లెక్సీ. దాని మీద నాగమునిరెడ్డి బొమ్మ పక్కనే రామోన్ బొమ్మ, కింద ‘అంతర్జాతీయ అతిథి’ అన్న అక్షరాలు. సభలో అంతర్జాతీయ రూలు గురించి మాట్లాడుతున్నప్పుడు అంతర్జాతీయ మనిషి ఒకడైనా ఉండకపోతే బాగుండదని నాగమునిరెడ్డి కుడిభుజం నారాయణకు ఆలోచన వచ్చింది. ప్రొద్దుటూరులో ఎంత వెతికినా దొరక్క, జమ్మలమడుగు ప్లాంటు నుంచి రామోన్‌ను జీపులో ఎక్కించుకొచ్చాడు. పని బట్టలు మార్పించి కూర్చోబెట్టాడు. ఎవరి బీరువాలో ఎవరి పాస్‌పోర్టు ఉందో నారాయణకు తెలియక కాదు. ఆ రెండు సంగతులూ ఆయన బుర్రలో ఎన్నడూ ఎదురుపడలేదు, అంతే.

“దేశదేశాల తరఫున మనకు మద్దతు చెప్పడానికి వచ్చిన చైనా సోదరుడు!” అని నారాయణ మైకులో అన్నాడు. రామోన్ లేచి నమస్కారం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఈసారి అజ్మత్ బీ చేతులు కదలలేదు.

ప్రసంగం ముగించి నాగమునిరెడ్డి పెరట్లోకి వచ్చాడు, కండువాతో మొహం తుడుచుకుంటూ. వెనకే నారాయణ.

“ఏమక్కా, వాసన స్టేజి మీదికి వస్తాంది. నోట్లో నీళ్లూరి రెండు మాటలు మింగేస్తి.”

“మింగిన మాట యాదో నేను చెప్పనా రెడ్డెప్పా?”

“చెప్పు.”

“రామోన్ పేరు.”

నాగమునిరెడ్డి నారాయణ వైపు చూశాడు. నారాయణ దేగ్ వైపు చూశాడు.

“చైనావోడా? వానికేం తక్కువ చేసినాం? శాలువా కప్పినాం. ముందు కుర్చీ ఏసినాం.”

“వానిది ఫిలిప్పీన్స్ అప్పా.”

“యాదో ఒగటి.”

“వాని పాస్‌పోర్టు నీ బీరువాలో ఉండాది. ఒప్పుకున్న పని ఉగాదికే అయిపోయింది. వానికి కూతురు పుట్టి, నడక గుడక నేర్చింది. వాడు ఇంగా ఫోన్‌లోనే ఎత్తుకుంటాండాడు.”

“అక్కా, అది వేరే సంగతి.” రెడ్డి గొంతు తగ్గించాడు. కోపం లేదు, నచ్చజెప్పే గొంతే. “నేను వాన్ని కొట్టినానా, పస్తు పెట్టినానా? మా ఇంటి మనిషి లెక్కన చూసుకుంటాండా. ఇంగొక లైను వెల్డింగు మిగిలుండాది. వాడు పోతే నా ప్లాంటు నిలిచిపోతాది. పాస్‌పోర్టు నా దగ్గరుంటే వానికే భద్రం.”

అజ్మత్ బీ నవ్వింది.

“ఏం నవ్వుతాండావు?”

“నీకు అరబ్బీ వస్తాదని నాకు తెలీదప్పా.”

ఇవే మాటలు, ఇదే వరసలో, అత్తరు పెట్టె పక్కన నిలబడి ఆమె విన్నది. మా ఇంటి మనిషివి. నువ్వు పోతే వంట నిలిచిపోతుంది. నా దగ్గరుంటేనే భద్రం. ఆ రోజు అవి అరబ్బీలో ఉన్నాయి, ఈ రోజు కడప తెలుగులో ఉన్నాయి. గొంతులో ఆ ప్రేమ కూడా అదే.

నాగమునిరెడ్డికి ఆ నవ్వు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కండువా భుజాన సర్దుకున్నాడు.

“ఇంగ కాసేపట్లో కువైట్ నుంచి ఫోన్ వస్తాది. నేను మాట్లాడితే ఒగ రకం, మాట్లాడకుంటే ఒగ రకం. నువ్వు తల్లివి. నేను చెప్పేదేముండాది? దేగ్ చూసుకో.”

ఆయన వెళ్లిపోయాక జువేరియా అత్త మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు చప్పుడు చేశాయి.

“అమ్మీ, నీ కాళ్లు పట్టుకుంటా. ఆ రామోన్ బాధ నాకు తెలీదా? ఇమ్రాన్‌ను రానీ. వచ్చినాంక నువ్వడుగు, నీ పక్కన నిలబడి నేనూ అడుగుతా. ఈ పొద్దు గమ్మునుండు.”

“ఉంటా లేమ్మా,” అంది అజ్మత్ బీ.

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నది. ఆ క్షణాన ఆమె నోరు మూసుకోవడానికే నిశ్చయించుకుంది. కొడుకు కంటే ఎక్కువా ఎవరైనా? దేగ్ కింద కట్టెలు లాగేసి నిప్పులు మాత్రం ఉంచింది. మూత మీద కూడా నిప్పులు పరిచింది. మసాలా సంగతి, బియ్యం సంగతి తప్ప ఇంకేదీ ఆలోచించకూడదని తనకు తానే చెప్పుకుంది.

జనం భోజనాలకని పెరట్లోకి కదిలారు. ఆ గుంపులోంచి దండ చేతిలో పట్టుకుని రామోన్ ఆమె దగ్గరికి వచ్చాడు. వాళ్లిద్దరికీ కలిసిన భాష ఒకటే, వంటింటి అరబ్బీ. అతనూ ఒకప్పుడు కువైట్‌లో వెల్డింగు చేశాడు. వ్యాకరణం లేని, ఉప్పూ కారం మాత్రం ఉన్న భాష అది. గల్ఫ్‌లో అన్ని దేశాల పనివాళ్లూ దాంతోనే బతుకుతారు. అందులో పాస్‌పోర్టు అంటే జవాజ్. లేదు అంటే మాఫీ. యజమాని అంటే బాబా.

తన పాస్‌పోర్టు గురించి అడుగుతాడనుకుని అజ్మత్ బీ తల దించుకుంది.

“మామా,” అన్నాడు రామోన్. అక్కడ పెద్ద ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. “ఇమ్రాన్... ఈ రోజు... జవాజ్?”

ఆమె తల ఊపింది. రామోన్ చేతిలోని దండ పక్కన పెట్టి, నుదుటి మీద, గుండె మీద వేళ్లు ఆనించి, వాళ్ల మతం పద్ధతిలో ఇమ్రాన్ కోసం ఒక ప్రార్థన చేసుకున్నాడు. తన జవాజ్ మాట ఎత్తలేదు. వెళ్లి వరసలో నిలబడ్డాడు, శాలువా జారకుండా ఒక చేత్తో పట్టుకుని.

అజ్మత్ బీ చాలాసేపు ఆ శాలువా వైపే చూసింది.

మా వైపు పెద్ద వంటల్లో ఒక ఆచారం ఉంది. దమ్ అయ్యాక మొదటి దేగ్ మూతను వంటమనిషి ఒక్కతే తెరవకూడదు. మూత మీది నిప్పులు ఊడ్చి, తడిగుడ్డ పరిచి, దాని మీద చెయ్యి పెట్టి నిలబడుతుంది. విందు ఇస్తున్నవాడు వచ్చి పక్కన చెయ్యి పెట్టి, ‘ఏం కావాలో అడుగు’ అంటాడు. దాన్నే దేగ్ హక్కు అంటారు. మామూలుగా ఒక చీర అడుగుతారు, లేదంటే ఒక నాటుకోడి. సరసాలాడేవాళ్లు చుట్టూ చేరతారు. అడిగింది ఇచ్చేదాకా మూత తెరుచుకోదు. సింహాద్రిపురంలో ఒక పెళ్లిలో, ఆడపెళ్లివాళ్లతో తగువు పెట్టుకుని ముడుచుకు కూర్చున్న పెళ్లికొడుకు మేనమామను అందరి ముందూ ఒక పాట పాడమని అజ్మత్ బీ అడిగింది. పాడాడు. ఆ పాటకు వానొచ్చిందని అంటారు. నేను మాత్రం జల్లు అనే అంటాను.

నాగమునిరెడ్డి ఫొటోలవాళ్లతో వచ్చాడు. ఈ ఆచారం ఆయనకు బాగా ఇష్టం. టీవీవాళ్ల మైకు మధ్యలో పెట్టించి, మూత మీద చెయ్యి వేసి, నవ్వుతూ అన్నాడు.

“అడుగక్కా! ఏం కావాల?”

అజ్మత్ బీ చెయ్యి తడిగుడ్డ మీద ఉంది. కింద అన్నం ఉడుకుతున్న వెచ్చదనం అరచేతికి తెలుస్తోంది. పక్క దేగ్ దగ్గర జువేరియా తల అడ్డంగా ఊపుతూ ఉంది, వద్దు వద్దని.

“రామోన్ జవాజ్ ఈయప్పా,” అంది అజ్మత్ బీ.

నవ్వడానికి నోరు తెరిచినవాళ్లు అలాగే ఉండిపోయారు.

“ఏమంటాంది?” అని ఎవరో అడిగారు.

“దేగ్ హక్కు అడుగుతాండా. అదో, ఇందాక స్టేజి మీద కూచున్న ఆ పిల్లోని పాస్‌పోర్టు రెడ్డెప్ప బీరువాలో ఉండాది. అది వాని చేతికి రావాల. అప్పుడు మూత తీస్తా.”

నాగమునిరెడ్డి ఎన్నో సభలు చూసినవాడు. నవ్వు చెదరనివ్వలేదు. “అతిథినే అడుగుదాం రాండి! ఆయనకేం కష్టముందో ఆయన నోటితోనే చెప్పనీ,” అంటూ మైకు రామోన్ ముందుకు జరిపించాడు. అతనికి తెలుగు రాదు. రాదు కాబట్టే జరిపించాడు.

అజ్మత్ బీ ఆ మైకులోకే వంగి, పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగింది.

“రామోన్, జవాజ్ వేన్?”

రామోన్ అటూ ఇటూ చూశాడు. అబద్ధం చెప్పాలని అతనికి తోచలేదు. శాలువాలోంచి వేలు బయటికి తీసి నాగమునిరెడ్డి వైపు చూపించాడు.

“జవాజ్ మాఫీ. ఇంద బాబా.”

తర్జుమా చేయవలసిన పని లేకపోయింది. అక్కడ చేరినవాళ్లలో సగం మంది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు, మిగతా సగం వాళ్ల పెండ్లాలు, అమ్మలు. జువేరియా లాంటివాళ్లు ఎన్ని రాత్రులు ఫోన్‌లో ఆ మాట విన్నారో. పాస్‌పోర్టు నా దగ్గర లేదు, యజమాని దగ్గరుంది. అది ఆ పెరట్లో ప్రతి ఇంటి మాట. తెలుగు కంటే ముందు ఆ మాటే అర్థమయ్యేవాళ్లు అక్కడున్నారు.

“బాబా అంట మామా!” అన్నాడు ఒకడు వెనకనుంచి. “మన రెడ్డి బాబా ఎప్పుడయ్యెరా?”

కొందరు నవ్వారు. నవ్వు ఎక్కువ దూరం పోలేదు. ముందు వరసలోంచి సిరాజుద్దీన్ ముందుకు వచ్చాడు. మంచి నెమ్మది మనిషి. ఆయన్ను ఎడారిలో గొర్రెల మంద దగ్గరనుంచి విడిపించి తెచ్చింది నాగమునిరెడ్డే.

“రెడ్డెప్పా,” అన్నాడు చేతులు కట్టుకుని. “నేను ఈ పొద్దు నా బిడ్డల మధ్య బువ్వ తింటాండానంటే నీ చలవే. నీకు దండం పెట్టకుండా నాకు తెల్లారదు. ఆ పొద్దు మా బాబాకు ఫోన్‌లో నువ్వు చెప్పిన రూలు ఇదే గదప్పా?”

నాగమునిరెడ్డి ముఖం మొదటిసారి మారింది. తిట్టి ఉంటే ఎదుర్కొనేవాడు. దండం పెట్టి అడిగితే ఏం చేస్తాడు?

ఆయన అజ్మత్ బీ వైపు వంగి, మైకుకు అందనంత మెల్లగా అన్నాడు. “అక్కా, ఇమ్రాన్ ఫోన్ వస్తాది. చివరిసారి చెప్తాండా. ఆలోచించుకో.”

“ఆలోచించినానప్పా,” అంది ఆమె కూడా అంతే మెల్లగా. “నా కొడుకును విడిపించేది నువ్వు గాదు, ఆ రూలు. నువ్వు దాన్ని మోసేటోనివి. శానా బాగా మోస్తావు. అది ఈడ చచ్చిపోతే, ఆడ యాడ బతుకుతాది? రేపు ఆ కువైటాయన నిన్ను అడిగితే ఏమంటావు, నీ ఇంట్లో బీరువా లేదా అంటే?”

అప్పుడు పక్కన చప్పుడైంది. జువేరియా రెండో దేగ్ మూత మీది నిప్పులు ఊడ్చేసింది. తడిగుడ్డ పరిచింది. రెండు చేతులూ దాని మీద పెట్టి నిలబడింది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

“ఇది గుడక తెరుచుకోదు,” అంది.

అజ్మత్ బీ కోడలి వైపు చూసింది. కాసేపు అత్తాకోడళ్లకు ఆ పెరట్లో ఇంకెవరూ కనిపించలేదు.

“నారాయణా!” అన్నాడు నాగమునిరెడ్డి. “బండి తీసుకోని ఇంటికి పో. స్వర్ణలతమ్మను బీరువా తాళం అడుగు.”

నారాయణ మోటారుసైకిల్ మధ్యాహ్నపు ప్రొద్దుటూరు బజారులో పడింది. ఆటోలు, బస్సులు, బట్టల అంగళ్ల ముందు ఆగిన బండ్లు. తిరిగి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. ఆకలి మీదున్న జనం ఒక్కరూ కదలలేదు. రెండు మూతల మీదా చేతులు అలాగే ఉన్నాయి. దమ్ మించిపోతే ఏమవుతుందో వంట తెలిసిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. అందరి కళ్లూ దేగ్ కింది నిప్పుల మీదే ఉన్నాయి. కానీ అజ్మత్ బీ సంగతి తెలుసుగదా! కోడలికి కనుసైగ చేసింది, జువేరియా ఒడుపుగా రెండు పొయ్యిల్లోంచీ నిప్పులు బయటికి లాగేసింది. అన్నం మెతుకు కూడా ఉలిక్కిపడలేదు.

నారాయణ పాస్‌పోర్టు తెచ్చి నాగమునిరెడ్డి చేతికిచ్చాడు. ఆయన దాన్ని కాసేపు చూశాడు. తర్వాత రెండు చేతులతో, పళ్లెంలో తాంబూలం పెట్టి ఇచ్చినంత మర్యాదగా, రామోన్‌కు అందించాడు. ఎవరి కోసం చేసినా, ఆ రెండు చేతులూ పెట్టడం మాత్రం చూడముచ్చటగా ఉంది. “మాటంటే మాట!” అని మైకులో అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఎవరికని రెడ్డి కూడా అడగలేదు.

రామోన్ పాస్‌పోర్టు తెరిచి ఫొటో తనదేనా అని చూసుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బీరువాలోని కలరా ఉండల వాసన. అజ్మత్ బీ అది చూసి నవ్వబోయి, నవ్వలేక, కొంగుతో మొహం అద్దుకుంది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని అతను పైనుంచి అరచేత్తో రెండు మూడుసార్లు తట్టాడు, నిద్రపోయే పిల్లను తట్టినట్టు.

సరిగ్గా అప్పుడే నాగమునిరెడ్డి ఫోన్ మోగింది. కువైట్ నంబరు. సభ కోసం ఆ ఫోన్‌ను మైకు పెట్టెకు కలిపి ఉంచారు, ఆ మోత పెరడంతా వినిపించింది.

నాగమునిరెడ్డి ఫోన్ వైపు చూశాడు. జనం వైపు చూశాడు. మెల్లగా వచ్చి దాన్ని అజ్మత్ బీ చేతిలో పెట్టాడు.

“ఇంద. రూలు నా కంటే నీకే బాగా తెలుసు గదక్కా. నువ్వే మాట్లాడు.”

అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు, ముఖం అటు తిప్పుకుని.

పిండి ఎండిన వేళ్లకు ఫోన్ లొంగలేదు. జువేరియానే వేలితో తాకి ఎత్తింది, అజ్మత్ బీ హలో అంది. అవతల ఇమ్రాన్ పలుకుతాడని, లేదంటే ఎంబసీ ఆఫీసరు పలుకుతాడని ఇద్దరూ చెవులు రిక్కించారు.

“అజ్మత్!”

ఆడగొంతు. ముసలిదైపోయింది గానీ ఆ గొంతును ఆమె ఎక్కడున్నా పోల్చుకోగలదు. ఆ పెరట్లో, అంత బిర్యానీ వాసన మధ్య, ఆమె ముక్కుకు అత్తరు సోకింది.

“నేను ఉమ్ ఖాలిద్‌ను,” అంది ఆ గొంతు అరబ్బీలో. “నీ కొడుకు నా ఎదురుగా కూర్చున్నాడు. వాడి జవాజ్ నా ఒడిలో ఉంది. ఇచ్చే ముందు నిన్నొకటి అడగాలి. నిజం చెప్తావా?”

పెరట్లో సగం మందికి ఆ మాటలు అర్థమయ్యాయి. మిగతా సగం వాళ్ల ముఖాల్లో అర్థం వెతుక్కున్నారు.

ఉమ్ ఖాలిద్ ఏం అడిగిందో వచ్చే వారం చెప్తాను. అజ్మత్ బీ ఫోన్ పట్టుకుని అలా నిలబడి ఉండగానే నా గుండెలో ఒక బరువు దించుకోనివ్వండి. మీసం మీద ఒట్టు పెట్టాను గదా. నాకు మీసం లేదు. పై కథలో అన్నీ జరిగినట్టే రాశాను, ఒక్కటి మాత్రం నేను అల్లాను. జువేరియా నిప్పులు లాగేసిందని రాశాను చూడండి, అది. లాగలేదు. రెండు చేతులూ మూత మీదుంటే ఏ చేత్తో లాగుతుంది? అజ్మత్ బీ సైగ చేయనూ లేదు, చెయ్యి తీయనూ లేదు. కింద మాడుతున్న వాసన అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. తెలిసీ అలాగే నిలబడింది. రెండు దేగ్‌ల అడుగూ మాడింది, నల్లగా మాడింది. ఆమె పేరు చెడుతుందని దాచాను.

ఆ పూట విస్తళ్ల దగ్గర ఆ వాసన గురించి ఒక్కరూ నోరెత్తలేదు. రామోన్ మాత్రం పళ్లెం పట్టుకుని తిన్నగా దేగ్ దగ్గరికే వచ్చాడు. వాళ్ల ఊళ్లో మాడిన అడుగే ఇష్టంగా తింటారట. గీకి పెట్టమని, పెట్టింది చాలదని, ఇంకొంచెం గీకమని సైగ చేశాడు, ఒక చెయ్యి జేబు మీదనుంచి తీయకుండానే.